పసుపు కేసును గెలిపించిన పాత కాగితాలు

ఈ ఎపిసోడ్ వినడానికి టైం దొరకనోళ్ల కోసం అందులో చెప్పింది ఇక్కడ రాసి పెడుతున్న.

మాది ఆర్మూరు దిక్కు, పసుపు పండే నేల. చిన్నప్పుడు కాలికి రాయి తగిలి రక్తం కారితే మా నాయనమ్మ ముందు తిట్టేది, తర్వాత ఇంత పసుపు అద్దేది. దగ్గొస్తే పాలల్లో పసుపు. అమ్మవారు పోసి తగ్గినంక వేపాకు, పసుపు వేసిన నీళ్లతో స్నానం. కాలు బెణికితే పసుపు, సున్నంతో పాటు ఏదో ఆకు నూరి పట్టు వేసేది. ఆమెకు చదువు రాదు. అంతా వాళ్లమ్మ దగ్గర చూసి నేర్చుకున్నదే.

అట్లాంటి పసుపు మీద 1995 మార్చి 28న అమెరికాలో పేటెంట్ ఇచ్చిన్రు. నంబరు 5,401,504. తీసుకున్నది మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్. కనిపెట్టినోళ్లుగా పేర్లున్న ఇద్దరూ భారత సంతతి శాస్త్రవేత్తలే. పసుపు మొక్కనే రాయించుకున్నరని చాలామంది అంటరు, అది నిజం కాదు. గాయం మానడానికి పసుపు పొడి పైన చల్లడం, లోపలికి ఇవ్వడం అనే పద్ధతి మీద హక్కు తీసుకున్నరు. అది మన ఊళ్లో చెల్లదు. కానీ అమెరికాలో గాయాల మందుగా పసుపు అమ్మాలంటే వాళ్ల అనుమతి కావాలన్నట్టు.

మన దేశం తరఫున సీఎస్ఐఆర్ సంస్థ 1996లో దీన్ని సవాలు చేసింది. అప్పుడు దానికి డైరెక్టర్ జనరల్ ఆర్.ఏ. మషేల్కర్. ఇది మాకు తరతరాలుగా తెలిసిందే అంటే సరిపోతదనుకుంటం. సరిపోదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఒక పద్ధతి అమెరికాలో ముందే వాడుకలో ఉంటే పాతదని ఒప్పుకుంటరు. వేరే దేశంలో ఎంతమంది వాడినా లెక్కలోకి రాదు, అచ్చులోనన్నా, పేటెంట్‌లోనన్నా ఉండాలె. అంటే మన నాయనమ్మలందరూ వరుసగా నిలబడి సాక్ష్యం చెప్పినా చెల్లదు.

అందుకే సీఎస్ఐఆర్ వాళ్లు కాగితాలు వెతికిన్రు. సంస్కృతం, ఉర్దూ, హిందీల్లో ఉన్నవాటితో కలిపి 32 ఆధారాలు పెట్టిన్రు. కొన్ని వందేళ్లు దాటినవి. 1953లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన వ్యాసం కూడా అందులో ఉంది. 1997లో పేటెంట్ ఆఫీసు అందులో కొత్తదేమీ లేదని ఒప్పుకుని హక్కులు కొట్టేసింది.

దాని తర్వాత 2001లో మన వైద్య గ్రంథాల్లోని మందులను ఇంగ్లిష్, జపనీస్ లాంటి ఐదు విదేశీ భాషల్లోకి ఎక్కించే డిజిటల్ లైబ్రరీ పని మొదలైంది. అమెరికా కూడా చట్టం మార్చింది. 2013 మార్చి 16 నుంచి వేరే దేశాల్లో జనం వాడుక కూడా లెక్కలోకి వస్తది. అయినా రుజువు చూపాల్సిందే కదా.

సైటులో రోజూ లాగ్ రాసేది నేనే కాబట్టి ఈ కథ నాకు బాగా తగిలింది. ఒకసారి మాతో పనిచేసే తమ్ముడికి రేకు తగిలి అరచెయ్యి తెగింది. చిన్నదేలే అని రూంలో పసుపు పెట్టుకుని మర్నాడు పనిలోకి వచ్చిండు. నేనూ లాగ్‌లో రాయలే. నాలుగు రోజులకు చెయ్యి వాచింది. పనిలోనే తగిలిందనడానికి కాగితమేది అని అడిగితే ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఆస్పత్రి బిల్లు అతనే కట్టుకున్నడు. ఆ తప్పు నాది.

మీరు గల్ఫ్‌లో ఉన్నా, ఇక్కడున్నా, దెబ్బ తగిలితే ముందు శుభ్రంగా కడగండి, ధనుర్వాతం సూది గురించి డాక్టర్‌ను అడగండి. అదే రోజు రిపోర్ట్ రాయించి ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి.

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు పెద్దోళ్లను ఏ నొప్పికి ఏం వాడేవాళ్లో అడిగి రాసుకోండి. బెణుకు పట్టులో మా నాయనమ్మ నూరిన ఆకు ఏందో నేను అడగలే. ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు.