ఫిర్యాదుకు చిరునామా ఎక్కడ?

2006 ఆగస్టు రెండవ వారంలో ఉకాయ్ ఆనకట్ట నుంచి వదిలిన నీరు సూరత్ నగరాన్ని ముంచెత్తింది. వరద పతాకస్థాయిలో ఆ విడుదల సుమారు 9 లక్షల క్యూసెక్కులు. తాపీ నది కుడిగట్టున ఉన్న అడాజన్, రాందేర్ ప్రాంతాలు అత్యధికంగా దెబ్బతిన్నాయి. నీరు తీసిన తరువాత అక్కడ మిగిలింది బురద ఒక్కటే కాదు. పొరలు విడిపోయిన ప్లైవుడ్ బీరువాలు, ఉబ్బి చట్రాలలో బిగుసుకుపోయిన తలుపులు, తడిసి తిరగని మోటార్లు మిగిలాయి. మధ్యతరగతి గృహస్థు పది పదిహేనేళ్ల కాలంలో ఒక్కొక్కటిగా సమకూర్చుకున్న గృహసామగ్రిని కొద్ది నెలల వ్యవధిలో తిరిగి కొనవలసి వచ్చింది. ఇంతమంది కలిసి ఇంత సరుకు ఒకేసారి కొన్నప్పుడు కొంత నాసిరకం చేతికి రావడం సహజం. కొన్న వస్తువు చెడితే ఎవరిని అడగాలి అన్న ప్రశ్న అప్పుడు తలెత్తక మానదు.

పాత బజారులో ఆ ప్రశ్నకు జవాబు సులభం: మేస్త్రీని, లేదా గల్లాపెట్టె ముందు కూర్చున్న సేఠ్‌ను. వడ్రంగి ఏ దుకాణానికి తీసుకువెళితే అక్కడే ప్లైవుడ్, సన్‌మైకా, బందులు, గడియలు కొనడం ఆనవాయితీ. తలుపు ఒరిగితే వడ్రంగికి కబురు వెళ్లేది. తప్పు చెక్కదైతే వడ్రంగే సేఠ్‌తో తగవు పడేవాడు. దీనిని స్వర్ణయుగంగా చిత్రించనక్కరలేదు. దుకాణం వారు మేస్త్రీకి కమీషన్ ఇచ్చేవారు. రంగు డబ్బాలలో పెయింటర్ల కోసం కంపెనీలు టోకెన్లు పెట్టేవి. కొనేవాడి తరఫున మాట్లాడవలసినవాడు అమ్మేవాడి లాభంలో కూడా పాలు పంచుకునేవాడు. బిల్లు కాగితం అడుగున ‘అమ్మిన సరుకు వెనక్కు తీసుకోబడదు’ అన్న వాక్యం ఉండనే ఉండేది. అయినా ఆ ఏర్పాటులో ఒక గుణం ఉంది. కోపం వచ్చినవాడికి ఎదుట ఒక మనిషి కనిపించేవాడు. వస్తువు మార్చి ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం ఆ మనిషి చేతిలోనే ఉండేది.

చట్టం మాత్రం చాలాకాలం అమ్మేవాడి పక్షానే నిలిచింది. 1930 నాటి సరుకుల అమ్మకపు చట్టం కొన్ని మినహాయింపులు ఇచ్చినప్పటికీ, మూలసూత్రం ‘కొనేవాడే జాగ్రత్త పడాలి’ అన్నదే. 1978లో అహ్మదాబాదులో మనుభాయి షా నెలకొల్పిన వినియోగదారుల విద్యా పరిశోధన కేంద్రం ఈ సూత్రాన్ని ఎదిరించిన తొలి సంస్థలలో ఒకటి. ఆయన జీవిత బీమా సంస్థ ప్రీమియం విధానాన్ని విమర్శిస్తూ ఒక అధ్యయన పత్రం వెలువరించారు. దానికి సంస్థ అధికారి ఒకరు పత్రికలో జవాబు రాయగా, ఆ జవాబును సంస్థ తన సొంత పత్రిక ‘యోగక్షేమ’లో పునర్ముద్రించింది. షా ప్రతిజవాబును మాత్రం అచ్చు వేయడానికి నిరాకరించింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ జవాబును అచ్చు వేసి తీరాలని 1992లో న్యాయస్థానం ఆదేశించింది. ఫిర్యాదుదారుకు నష్టపరిహారం కన్నా ముందు కావలసింది వినే చోటు అన్న సంగతిని ఈ వ్యాజ్యం తేటతెల్లం చేసింది.

1986 డిసెంబరు 24న ఆమోదం పొందిన వినియోగదారుల రక్షణ చట్టం అటువంటి చోటును జిల్లాకొకటి చొప్పున సృష్టించదలచింది. వకీలు లేకుండా, కోర్టు రుసుము భారం లేకుండా సామాన్యుడు తన మాట చెప్పుకోగల వేదికగా దానిని ఊహించారు. బిల్లుల మీద ‘వెనక్కు తీసుకోబడదు’ అన్న ముద్ర మానిపించాలని 1999లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రాష్ట్రాలకు రాసింది. ఆ ముద్ర నేటికీ పూర్తిగా చెరిగిపోలేదన్నది ఏ హార్డ్‌వేర్ దుకాణం బిల్లు తిరగేసినా తెలుస్తుంది.

ఫిర్యాదును ఎలా వినాలో తెలుసుకోవడానికి సూరత్ వాసులు దుకాణాల వైపు చూడనక్కరలేదు. వారి పురపాలక చరిత్రలోనే ఒక పాఠం ఉంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది జనం ఊరు విడిచి పారిపోయారు. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల మరమగ్గాలపై ఆధారపడి బతికే వలస నేతకార్మికులు, వారిలో వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు గణనీయంగా ఉన్న నగరమది. తెలుగు మాధ్యమంలో పురపాలక పాఠశాలలు నడిచే నగరమది. 1995లో దానికి కమిషనర్‌గా వచ్చినవారు కూడా తెలుగువారే: సూర్యదేవర రామచంద్రరావు, అందరూ పిలిచే పేరు ఎస్.ఆర్. రావు.

ఆయన అక్రమ కట్టడాలను కూల్చిన సంగతి అందరికీ గుర్తుంది. అంతకన్నా ముఖ్యమైన పని తక్కువమందికి గుర్తుంది. నగరాన్ని ఆరు మండలాలుగా నడిపించి, ఒక్కొక్క మండలాధికారికి కమిషనర్‌తో దాదాపు సమానమైన ఆర్థిక, పాలనాధికారాలు అప్పగించారు. అడాజన్ ఉన్న పశ్చిమ మండలానికీ అది వర్తించింది. అధికారులు ఉదయమంతా వీధుల్లో ఉండాలన్నారు. ‘ఏసీ నుంచి డీసీ’ అన్న నినాదం అప్పటిదే: ఎయిర్ కండిషన్డ్ గది నుంచి డెయిలీ చోర్స్, అంటే నిత్యకృత్యాలలోకి. మురుగు కాలువ పూడిందని చెప్పినవాడి ఎదుట నిలబడిన ఉద్యోగికే దానిని బాగుచేయించే అధికారం కూడా ఉండటం ఆ సంస్కరణ సారాంశం. మూడేళ్లు తిరగకముందే దేశంలోని పరిశుభ్ర నగరాల జాబితాలో సూరత్ చండీగఢ్ తరువాతి స్థానంలో నిలిచింది.

ఇదే సూత్రాన్ని తలకిందులు చేస్తే ఏమవుతుందో చూపిన చరిత్ర, కొద్ది సంవత్సరాల తేడాలో, అట్లాంటాలో నడిచింది. గృహనిర్మాణ సామగ్రిని గోదాముల వంటి విశాలమైన దుకాణాలలో అమ్మే పద్ధతికి ప్రపంచమంతటా నమూనాగా నిలిచినది హోమ్ డిపో. బెర్నీ మార్కస్, ఆర్థర్ బ్లాంక్ 1978లో స్థాపించిన ఈ సంస్థ తొలి దుకాణాలు 1979 జూన్‌లో తెరుచుకున్నాయి. నారింజరంగు ఆప్రాన్ వేసుకున్న ఉద్యోగి స్వయంగా కొళాయి బిగించడం తెలిసినవాడై ఉండాలని, దుకాణ నిర్వాహకుడికి తన దుకాణంపై స్వేచ్ఛ ఉండాలని వ్యవస్థాపకులు భావించారు. 2000 డిసెంబరులో జనరల్ ఎలక్ట్రిక్ నుంచి వచ్చిన రాబర్ట్ నార్డెల్లీ ఈ పద్ధతిని మార్చారు. నిర్ణయాలు ప్రధాన కార్యాలయానికి తరలాయి. అనుభవజ్ఞులైన పూర్తికాల ఉద్యోగుల స్థానంలో పాక్షికకాల సిబ్బంది పెరిగారు. అమ్మకాలు దాదాపు రెట్టింపయ్యాయి. లెక్కల పుస్తకం చూసినవారికి లోటు కనిపించలేదు. దుకాణంలో నిలబడి, ఏ మేకు ఏ గోడకు సరిపోతుందో చెప్పే మనిషి కోసం వెతికినవారికి కనిపించింది. 2005 నాటి అమెరికన్ వినియోగదారుల సంతృప్తి సూచికలో సంస్థ 67 మార్కులతో పెద్ద చిల్లర సంస్థలన్నిటిలో అట్టడుగున నిలిచింది.

2006 మే నెలలో జరిగిన వాటాదారుల వార్షిక సమావేశం ఆ పాలనకు అద్దం పట్టింది. నార్డెల్లీ తప్ప డైరెక్టర్లు ఎవరూ హాజరు కాలేదు. ప్రశ్నించదలచినవారికి గడియారం పెట్టి కాలపరిమితి విధించారు. అరగంటకే సభ ముగిసింది. కొట్టులో కొనుగోలుదారుకు ఎదురైన అనుభవమే యజమానులైన వాటాదారులకూ ఎదురైందన్నమాట. 2007 జనవరిలో ఆయన 21 కోట్ల డాలర్ల పరిహారంతో వైదొలిగారు. రెండు నెలలకు ఒక ఆర్థిక వ్యాసకర్త ఆ దుకాణాలలో సేవాలోపాన్ని విమర్శిస్తూ రాయగా వేల సంఖ్యలో పాఠకులు తమ అనుభవాలు జోడించారు. కొత్త అధిపతి ఫ్రాంక్ బ్లేక్ బహిరంగంగా క్షమాపణ చెప్పుకొని, దుకాణాలలో సిబ్బందిని పెంచుతామన్నారు. అదే సంస్థ చైనాలో అడుగుపెట్టి, మిగిలిన ఏడు పెద్ద దుకాణాలను 2012లో మూసుకొని వెళ్లిపోవలసి వచ్చింది. తన ఇంటి పని తానే చేసుకునే అమెరికన్ అలవాటు మీద నిలిచిన వ్యాపారం, పని చేయించుకునే అలవాటున్న సమాజంలో నిలదొక్కుకోలేదు. మేస్త్రీని నమ్ముకున్న అడాజన్ కూడా ఆ రెండవ కోవకు చెందినదే.

ఈ అనుభవం అంతా కళ్లెదుట ఉండగానే భారత పార్లమెంటు చిల్లర వర్తకంలో విదేశీ పెట్టుబడి గురించి చర్చించింది. 2011 నవంబరులో మంత్రివర్గం ఆమోదించి, గగ్గోలు పుట్టగానే పక్కన పెట్టి, 2012 సెప్టెంబరులో తిరిగి ప్రకటించిన విధానమది. తృణమూల్ కాంగ్రెస్ సంకీర్ణాన్ని వీడింది. డిసెంబరు 5న లోక్‌సభలో సుష్మా స్వరాజ్ ప్రవేశపెట్టిన తీర్మానం 218కి 253 ఓట్లతో వీగిపోయింది. సమాజ్‌వాదీ, బహుజన సమాజ్ పార్టీలు నిష్క్రమించి ప్రభుత్వాన్ని గట్టెక్కించాయి. రాష్ట్రాలకు ఐచ్ఛికాధికారం ఇవ్వగా, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సమ్మతించింది. నరేంద్ర మోదీ ముఖ్యమంత్రిగా ఉన్న గుజరాత్ సమ్మతించలేదు. ఆ వాదోపవాదాలు ప్రధానంగా కిరాణా వర్తకుడి మనుగడ చుట్టూ, రైతుకు దక్కే ధర చుట్టూ, దళారీ పాత్ర చుట్టూ తిరిగాయి. వినియోగదారు ప్రస్తావన వచ్చినప్పుడు అది ధర తగ్గుతుందన్న ఆశగానే వచ్చింది. కొన్న తరువాత అతని గతి ఏమిటన్నది రెండు పక్షాలకూ పెద్ద ప్రశ్న కాలేదు. వర్తకులకు సంఘాలున్నాయి, రైతులకు సంఘాలున్నాయి. ఒరిగిన తలుపు యజమానులకు ఓటు బ్యాంకు లేదు.

బహుళ బ్రాండ్ల తలుపు అలా సగం మూసే ఉండగా, ఏక బ్రాండు మార్గం పూర్తిగా తెరుచుకుంది. ఆ మార్గంలోనే ఐకియా తన తొలి భారతీయ దుకాణాన్ని 2018 ఆగస్టు 9న హైదరాబాదు హైటెక్ సిటీలో ప్రారంభించింది. స్వదేశీ గొలుసు సంస్థలకు ఈ అనుమతుల అవసరమే లేదు. అవి అంతకు ముందే నగరాల కొత్త పేటలలోకి విస్తరించాయి. అడాజన్‌లో ‘స్టార్ బజార్ దగ్గర’ అని రాస్తే ఉత్తరం చేరుతుంది. పెద్ద దుకాణం ఊరికే చిరునామాగా మారింది.

ఇక గృహోపకరణాలు అమ్మే ఏ పెద్ద దుకాణం పద్ధతిని పరిశీలించినా ఒక అంశం సాధారణంగా కనిపిస్తుంది. అమ్మకం ఒకరిది, తయారీ మరొకరిది, ఇంటికి చేర్చడం ఒక కాంట్రాక్టరుది, బిగించడం మరొకరిది. సోఫా కాలు విరిగితే దుకాణం బ్రాండును చూపిస్తుంది. బ్రాండు రవాణాను చూపిస్తుంది. రవాణాదారు, పెట్టె విప్పినప్పుడే చెప్పవలసిందంటాడు. కౌంటరులోని యువకుడు సౌమ్యుడే, కానీ అతని చేతిలో ఉన్నది ఫిర్యాదు సంఖ్యను నమోదు చేసే కంప్యూటరు మాత్రమే. డబ్బు తిరిగి ఇచ్చే నిర్ణయం అతనిది కాదు, అతని పై అధికారిదీ కాకపోవచ్చు. కొనుగోలుదారు కోపమంతా నెలజీతపు ఉద్యోగి మీద కురుస్తుంది. నిజానికి కౌంటరుకు రెండు వైపులా ఉన్నవారు ఒకే ఏర్పాటుకు బాధితులు.

2019 చట్టం ఈ గొలుసును కొంత పసిగట్టింది. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజులలోగా వెనక్కు తీసుకొని సొమ్ము ఇవ్వకపోవడం అనుచిత వర్తకమని 2(47) సెక్షన్ స్పష్టపరిచింది. సంస్థ ప్రధాన కార్యాలయం ముంబయిలో ఉన్నా, ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే వ్యాజ్యం వేయవచ్చు. అంటే అడాజన్ వాసికి సూరత్ జిల్లా కమిషన్ చాలు. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు రుసుము లేదు. కాగితం మీద ఇంతకన్నా కోరదగినది స్వల్పం.

కాగితం దాటితే మాత్రం కథ వేరు. వినియోగదారుల కమిషన్లలో అధ్యక్ష, సభ్య పదవులు భర్తీ కాకపోవడాన్ని సుప్రీంకోర్టు 2021లో తనంతట తానే విచారణకు స్వీకరించవలసి వచ్చింది. నియామకాలు ఇష్టం లేకపోతే చట్టాన్నే రద్దు చేసుకోవచ్చు కదా అని ధర్మాసనం చురక వేసింది. బెంగళూరులో ఒక కొనుగోలుదారు 2022 అక్టోబరులో ఐకియాలో సరుకు కొన్నప్పుడు, సంస్థ చిహ్నం ముద్రించిన సంచికి 20 రూపాయలు వసూలు చేశారు. ఆమె కమిషన్‌ను ఆశ్రయించగా, సంచి సొమ్ముతోపాటు నష్టపరిహారం, ఖర్చుల కింద 3,000 రూపాయలు చెల్లించాలన్న ఉత్తర్వు వెలువడేసరికి ఏడాది గడిచింది. అన్ని వ్యాజ్యాలతో పోలిస్తే అది వేగమే. ఒక ఏడాది తిరగగల ఓపిక ఉన్నవారు మాత్రమే 20 రూపాయల న్యాయం పొందగలరు. మిగిలినవారి సంచి సొమ్ము లాభంలో జమ అవుతుంది.

కమిషన్ మెట్లు ఎక్కలేనివారికి ప్రభుత్వం 1915 అనే జాతీయ సహాయవాణిని చూపుతోంది. అది 17 భాషలలో పలుకుతుంది. అడాజన్ గృహిణి గుజరాతీలో, లింబాయత్ నేతకార్మికుడు తెలుగులో తన గోడు చెప్పుకోవచ్చు. గోడు విన్నవారు దానిని నమోదు చేసి ఒక సంఖ్య ఇస్తారు. ఆ సంస్థ సహాయవాణితో ఒప్పందం చేసుకున్న భాగస్వామి అయితే, ఫిర్యాదు పరిష్కారం కోసం నేరుగా ఆ సంస్థకే వెళుతుంది.