అమెరికా ఎరగని మన ట్యాంకుల ఆట

ట్యాంకుల ఆట గుర్తుందా? తెర అడుగున సరిగ్గా మధ్యలో ఒక గద్ద బొమ్మ. దాని చుట్టూ ఇటుకల గోడ. పైనుంచి వరసగా దిగే శత్రు ట్యాంకులు, స్టేజికి 20. ఇద్దరు కలిసి ఆడితే ఒకరిది పసుపు ట్యాంకు, రెండోవారిది పచ్చ ట్యాంకు. పసుపు ఎవరిదన్న దాని మీదే సగం గొడవ. మనవాడికి గుండు తగిలితే వాడు చావడు, కాసేపు కదలకుండా బిగుసుకుపోతాడు. అది తెలిశాక కావాలని కాల్చని వాడు లేడు. గద్ద పోయిందా, ఎన్ని లైఫులు మిగిలినా ఆట అయిపోయినట్టే. దీని అసలు పేరు ‘బ్యాటిల్ సిటీ’. జపాన్‌లో నామ్కో సంస్థ 1985 సెప్టెంబరులో విడుదల చేసింది. ఆ తర్వాత నాలుగు రోజులకే నింటెండో వారి ‘సూపర్ మేరియో బ్రదర్స్’ వచ్చింది. మేరియో అన్ని దేశాలూ తిరిగాడు. బ్యాటిల్ సిటీని మాత్రం అమెరికాలో ఇళ్లలో ఆడుకునే నింటెండో పెట్టె కోసం ఎప్పుడూ అమ్మలేదు. అయినా తెనాలిలో, ఖమ్మంలో, కర్నూలులో ఒక తరం పిల్లలకు అది కంఠతా వచ్చు. మాస్కోలోనూ వార్సాలోనూ అంతే.

వీడియో గేముల చరిత్ర అని మనకు దొరికేదంతా దాదాపు అమెరికా, జపాన్‌ల చరిత్ర. అటారీ, 1983లో అమెరికా మార్కెట్ కుప్పకూలడం, నింటెండో దాన్ని మళ్లీ నిలబెట్టడం, సెగాతో పోటీ, ప్లేస్టేషన్. ఈ వరస మన ఇళ్లలో జరగలేదు. మన దగ్గరికి ఎక్కువగా 1983-86 నాటి ఆటలు 1990లలో వచ్చాయి, 2000 దాటాక కూడా వాటినే కొత్తవనుకుని ఆడాం. ఏ ఆట మనకు చేరాలి, దాన్ని ఎలా ఆడాలి అన్నది నిర్ణయించింది నకలు చిప్పులు, నకలు క్యాసెట్లు. మన ఆట అలవాట్లు చాలావరకు అక్కడే పుట్టాయి. ఈ కథను మనం విడిగా చెప్పుకోవాలి.

మూలం క్యోటోలో ఉంది. నింటెండో ఇంజనీరు మసయుకి ఉఎమురా రూపొందించిన ‘ఫ్యామిలీ కంప్యూటర్’ 1983 జూలై 15న జపాన్ అంగళ్లలోకి వచ్చింది. ముద్దుగా ఫామికామ్ అన్నారు. ధర 14,800 యెన్లు. ఎరుపు, తెలుపు రంగుల చిన్న ప్లాస్టిక్ పెట్టె, రెండు రిమోట్లు, పైన క్యాసెట్ దూర్చే గాడి. లోపల రికో సంస్థ తయారు చేసిన 8 బిట్ ప్రాసెసర్, పని చేసుకోవడానికి 2 కేబీ జ్ఞాపకశక్తి. పైన మీరు చదివిన మొదటి పేరాను తెలుగు లిపిలో దాచడానికి ఆ 2 కేబీ చాలదు. అంత ఇరుకులో ఆటలు తయారయ్యాయి. మేరియో ఆట మొత్తం 40 కేబీ. అందులో 32 ప్రోగ్రాముకు, 8 బొమ్మలకు. చోటు చాలక షిగెరు మియమోతో బృందం ఆకాశంలో మేఘానికీ నేల మీద పొదకూ ఒకే బొమ్మ వాడింది. తెల్ల రంగు వేస్తే మేఘం, ఆకుపచ్చ వేస్తే పొద. ఏళ్ల తరబడి ఆడినవాళ్లు కూడా ఎవరో చెబితే తప్ప కనిపెట్టలేరు.

ఆ పెట్టె, దాని విదేశీ రూపం కలిపి 6 కోట్ల 19 లక్షలకు పైగా అమ్ముడయ్యాయని నింటెండో లెక్క. మన వీధుల్లో తిరిగిన నకలు పెట్టెలు ఆ లెక్కలోకి రావు. తైవాన్‌లో యూఎంసీ అనే చిప్పుల సంస్థ ఫామికామ్‌ గుండెకాయకు సరిపోయే చిప్పులను సొంతంగా తయారు చేసింది. తర్వాత మొత్తం యంత్రం ఒకే చిప్పులో ఇమిడిపోయింది. బోర్డు మీద చిప్పును అతికించి పైన నల్లటి జిగురు ముద్ద వేసేవారు. పాత పెట్టె విప్పి చూసినవాళ్లకు ఆ నల్ల చుక్క గుర్తుండే ఉంటుంది. చవగ్గా దొరికే ఈ సరుకు మీద దేశానికో పేరు పడింది. రష్యాలో 1992 చివర ‘డెండీ’ పేరుతో వచ్చింది, ఏనుగు బొమ్మ దాని గుర్తు. 1994 నాటికి అక్కడ దాని పేరు మీద టీవీ కార్యక్రమమే నడిచింది. పోలండ్‌లో ‘పెగసస్’. మన దగ్గర ‘మీడియా’, ‘లిటిల్ మాస్టర్’ లాంటి పేర్లు. కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై బర్మా బజారులోనో కొన్న పెట్టెల్లో చాలావాటికి గుర్తుండే పేరు కూడా ఉండేది కాదు.

పెట్టెతోపాటు వచ్చే పసుపుపచ్చ క్యాసెట్ మీద ‘9999999 ఇన్ 1’ అని ఉండేది. తెర మీద జాబితా నిజంగానే ఎంతకీ తెగేది కాదు. కిందికి దిగుతూ పోతే ఒక దగ్గర మళ్లీ మేరియో, ఈసారి మూడో స్టేజీ నుంచి. ఇంకాస్త దిగితే మళ్లీ ట్యాంకులు, తుపాకీ బలంతో. విడిగా లెక్కేస్తే మిగిలే ఆటలు కొన్నే. ఈ కిటుకు వెనక లెక్క ఉంది. ఫామికామ్ నేరుగా చదవగలిగేది మేరియో అంత సైజు ఆటను. అంతకంటే పెద్ద ఆటకు క్యాసెట్‌లో అదనంగా మరో చిప్పు పెట్టాలి. నకలు తీసేవాడికి ఆ ఖర్చు ఎందుకు? అందుకని తొలి మూడేళ్ల చిన్న ఆటలనే ఏరి ఒక్కచోట కుక్కాడు. ఎక్సైట్‌బైక్, రోడ్ ఫైటర్, సర్కస్ చార్లీ, బాంబర్‌మ్యాన్, ఐస్ క్లైంబర్, బ్యాటిల్ సిటీ. జపాన్ క్యాసెట్ల నుంచి నకలు తీశారు కాబట్టి అమెరికా వాళ్లకు దక్కనివి కూడా మనకు దక్కాయి.

దక్కనివీ ఉన్నాయి. ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ 1986లో జపాన్‌లో డిస్కు మీద వచ్చింది, మరుసటి ఏడు అమెరికాలో బ్యాటరీ ఉన్న క్యాసెట్‌గా వచ్చింది. ఆ బ్యాటరీ వల్ల ఇవాళ ఆపిన చోటి నుంచే రేపు మొదలుపెట్టవచ్చు. అక్కడి పిల్లలు వారాల తరబడి సాగే కథలకు అలవాటు పడింది అలాగే. మన క్యాసెట్లలో బ్యాటరీ లేదు. ఎప్పుడు కూర్చున్నా మొదటి స్టేజీ నుంచే. మనవాళ్లలో ఎవరిని అడిగినా మేరియో మొదటి స్టేజీలో ఏ ఇటుకలో పుట్టగొడుగు ఉందో, ఏ పైపులోంచి కిందికి దిగవచ్చో కళ్లు మూసుకుని చెబుతారు. ఎనిమిదో లోకం చివర రాకుమారిని విడిపించినవాళ్లు మాత్రం వీధికి ఒకరో ఇద్దరో. రెండో స్టేజీలో పైకప్పు మీదికెక్కి చివరిదాకా పరిగెడితే నాలుగో లోకానికి దూకే దారి ఉందని తెలిసినవాడికి ఉన్న గౌరవం అంతా ఇంతా కాదు. అక్కడిదాకా వచ్చాక కరెంటు పోతే మళ్లీ మొదటికి. ఎండాకాలం కోతల్లో ఎన్ని ఆటలు అలా మధ్యలో ఆగిపోయాయో.

ఆ ఆట ఒంటరి ఆట కాదు. సొంతంగా పెట్టె ఉన్న ఇల్లు వీధికి ఒకటి. లేనివాళ్లకు వీడియో గేమ్ పార్లరు, గంటకింత. కొన్ని ఊళ్లలో వీసీఆర్ అద్దెకిచ్చే వీడియో లైబ్రరీ వాళ్లే పెట్టెను కూడా రోజు అద్దెకు ఇచ్చేవారు. తెచ్చిన రోజున ఇంటి నిండా పిల్లలే. ఇద్దరు ఆడుతుంటే మిగతావాళ్లు ఊరికే చూడరు. “దూకరా, దూకు!” “ఆ పైపులోకి దిగు!” “గన్ను తీసుకోవేంరా!” అని ఒకటే అరుపులు. వంతు మారడానికి కొలత నిమిషాలు కాదు, లైఫ్. నాది పోయాక నీకు. ఈ న్యాయం మేరియో ఆటలోనే ఉంది. ఇద్దరాట పెడితే మేరియో చచ్చాకే లుయీజీ వస్తాడు. అంగళ్లలో నాణెం వేసి ఆడే యంత్రాల నుంచి వచ్చిన పద్ధతి అది. దాన్నే మనవాళ్లు ఒక్కడే ఆడే ఆటలకూ వర్తింపజేశారు. బాగా ఆడేవాడి చేతిలో లైఫ్ ఎంతకీ పోదు, చూసేవాడి వంతు ఎంతకీ రాదు. అందుకే వాడు గోతిలో పడాలని వెనక కూర్చున్నవాళ్లు మొక్కుకునేవాళ్లు.

పెద్దవాళ్లకు పిక్చర్ ట్యూబు బెంగ. టీవీ పాడైపోతుందని కట్టేయించేవారు. కదలని బొమ్మ చాలాసేపు ఒకేచోట వెలిగితే తెర మీద మరక నిలిచిపోవడం ఆ టీవీలకు ఉన్న జబ్బే. అయితే గంటా రెండు గంటల ఆటకు అంత ముప్పు ఉండదు.

కాంట్రాకు మాత్రం కాస్త ఎక్కువ చోటు ఇవ్వాలి. కొనామీ సంస్థ 1987లో దాన్ని అంగళ్ల యంత్రంగా, 1988లో ఇంటి ఆటగా తెచ్చింది. ఇద్దరు ఒకేసారి ఆడవచ్చు. ఎగిరొచ్చే గుళికల్లో ‘ఎస్’ గన్ను పడిందంటే ఇద్దరూ దాని మీదే పడతారు, ఒక్క నొక్కుకు అయిదు గుళ్లు విసనకర్రలా విచ్చుకుంటాయి కనుక. జలపాతం స్టేజీ స్నేహాలకు పరీక్ష. ముందు ఎక్కినవాడితోపాటు తెర పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు తెర అంచు తగిలి చస్తాడు. “ఆగరా, ఆగు!” అని అరిచిన గొంతులు, ఆగనందుకు మానేసిన మాటలు ఈ తరానికి బాగా తెలుసు. యూరప్‌లో ఇదే ఆటను ‘ప్రోబోటెక్టర్’ అని పేరు మార్చి, మనుషుల స్థానంలో మరబొమ్మలను పెట్టి అమ్మారు. మన నకలు క్యాసెట్లలో మనుషులే ఉన్నారు.

మూడు లైఫులతో కాంట్రా గట్టెక్కడం అయ్యే పని కాదు. అందుకే ఆ మంత్రం: పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఆ తర్వాత బి, ఎ. ఆట మొదలవకముందే నొక్కితే 30 లైఫులు. దాన్ని పెట్టినవాడు కొనామీ ప్రోగ్రామరు కజుహిస హషిమొతో. 1986లో ‘గ్రాడియస్’ ఆటను ఫామికామ్‌కు మారుస్తూ, పరీక్షించడానికి తానే ఆ ఆట దాటలేక, తన సౌకర్యానికి రాసుకున్న కిటుకు అది. విడుదలకు ముందు తీసేయలేదు. తర్వాతి ఆటల్లోకీ పాకింది. అమెరికాలో అది గేమ్ పత్రికల్లో అచ్చయింది. మన దగ్గర పత్రికా లేదు, ఇంటర్నెట్టూ లేదు. బడి నుంచి బడికి, వేసవి సెలవులకు వచ్చిన మేనత్త కొడుకు నోటి నుంచి వీధికి, నోటు పుస్తకం ఆఖరి పేజీలో బాణం గుర్తులుగా ప్రయాణించింది. అయినా ఒక్క నొక్కు తేడా లేకుండా చేరింది. హషిమొతో 2020 ఫిబ్రవరిలో కన్నుమూశాడు.

వేగం సంగతి కూడా చెప్పాలి. జపాన్, అమెరికా టీవీలు సెకనుకు 60 సార్లు తెర గీస్తే, మన పాల్ పద్ధతి టీవీలు 50 సార్లు గీస్తాయి. పాల్ టీవీల కోసం చేసిన యూఎంసీ చిప్పుల్లో జపాన్ ఆట నడిపితే ఆరో వంతు నెమ్మదిస్తుంది. కోజి కొండో కట్టిన మేరియో బాణీ అలాంటి పెట్టెల్లో కాస్త తాపీగా మోగింది. ఇప్పుడు అసలు వేగంలో వింటే ఏదో తరుముకొస్తున్నట్టు అనిపించడం చెవుల తప్పు కాదు.

తెర మీద ఎగిరే బాతులను బొమ్మ తుపాకీతో కాల్చే బాతులాటలో ఆ తుపాకీ మాయ ఇంకా బాగుంటుంది. తుపాకీలోంచి ఏదీ వెలువడదు. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లటి చదరం మెరుస్తుంది. గొట్టంలో ఉన్న కన్ను ఆ తెలుపును చూసిందా లేదా, అంతే లెక్క. పాత బుడ్డి టీవీ ఆ మెరుపును సరిగ్గా ఆ క్షణంలోనే చూపిస్తుంది. ఎల్‌సీడీ టీవీలో ఆలస్యమవుతుంది, అందుకే ఇవాళ గురి ఎంత కుదిరినా బాతు పడదు, గురి తప్పితే వెక్కిరించే కుక్క నవ్వు ఆగదు.

ఇక ఊదడం. ఆట పడకపోతే క్యాసెట్ తీసి, అడుగున ఉన్న పళ్ల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా ఊది, చొక్కాకు తుడిచి, మళ్లీ పెట్టడం. ఎవరూ నేర్పలేదు, అందరికీ వచ్చు. అమెరికా పిల్లలూ ఇదే చేశారు. నిజానికి పని చేసింది తీసి పెట్టడమే. మళ్లీ పెట్టినప్పుడు పళ్లు కొత్తగా ఆనుకుంటాయి. నోటి తడి మాత్రం మెల్లగా లోహాన్ని తినేస్తుంది. ఊదవద్దని నింటెండోయే చెప్పింది.

తర్వాత నెట్ సెంటర్లు వచ్చాయి. రోడ్ ర్యాష్, ఐజీఐ, వైస్ సిటీ, కౌంటర్‌స్ట్రైక్. ఆ పైన ఫోన్లు, 2018లో పబ్జీ, 2020 సెప్టెంబరులో దాని మీద నిషేధం. ఆ కాలాల గురించి రాతలు, వీడియోలు కుప్పలుగా ఉన్నాయి. క్యాసెట్ కాలానికి అవి లేవు, అదే నా బాధ. ఆ నకళ్ల వల్ల ఆట తయారు చేసినవాళ్లకు ఒక్క పైసా అందలేదు. అదొక అన్యాయమైతే, తొలి తెర మీది సంస్థ పేరు, సంవత్సరం చాలా నకళ్లలో చెరిపేయడం మరొకటి. ఉఎమురా, మియమోతో, హషిమొతో, కొండో ఎవరో తెలియకుండానే వాళ్ల పనితో మన సెలవులు గడిచాయి. వాళ్ల పేర్లు ఇక్కడ రాయడం నాకు ముఖ్యం. ఆ దొంగ సరుకు లేకపోతే ఆటలు మన గడప తొక్కేవి కావన్నదీ అంతే నిజం.

రష్యాలోనూ ఇతర దేశాల్లోనూ పాత నకలు క్యాసెట్లను ఒక్కొక్కటిగా చదివి, ఏ బోర్డు, ఏ చిప్పు, ఏ ఆటలు అని జాబితాలు కడుతున్న అభిమానులు ఉన్నారు. మన ఊళ్లలో అమ్మిన క్యాసెట్లకూ అదే పని జరగాలి, అవి పాత సామాన్లవాడి బండి ఎక్కకముందే. మీ అటక మీద ఒకటి దొరికితే ఊదకండి. మూత విప్పి బోర్డుకు రెండు వైపులా ఫొటో తీయండి, దూదితో కాస్త ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది పళ్లు తుడవండి. ఏ ఊళ్లో, ఏ ఏడు, ఎంతకు కొన్నారో మీ నాన్నగారికో అన్నయ్యకో గుర్తుంటే ఒక చీటీ మీద రాసి, క్యాసెట్‌తోపాటే పెట్టండి.