అక్షరానికి అలంకారం: ఎర్ర సిరా నుండి సెల్‌ఫోన్ దాకా

సెల్‌ఫోనులో వచ్చిన సమాచారంలో ఒక మాట లావుగా, ఒక తేదీ ఎర్రగా, ఒక వాక్యం కింద గీతతో కనిపిస్తుంటుంది. మన కన్ను ముందుగా అక్కడికే పోతుంది. ఆ లావు, ఆ రంగు, ఆ గీత అక్షరాలకు పుట్టుకతో వచ్చినవి కావు. "ఇక్కడి నుండి ఇక్కడి వరకు లావుగా చూపించు" అని ఎవరో ఫోనుకు విడిగా చెప్పి పెట్టినవి. వ్రాతకు తోడుగా ఇలా చెప్పిపెట్టే గుర్తును మార్కప్ అంటారు. పేరు కొత్తగా వినిపించినా పని చాలా పాతది. నల్లగొండ, పాలమూరు జిల్లాల కచేరీలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న వారిలో ఈ పని ఎన్నడూ చేయనివారు అరుదు. ఆ చరిత్రను సంక్షిప్తంగా పరిశీలించి, ఈ విద్య పెన్షనర్లకు ఏ విధంగా అక్కరకు వస్తున్నదో చూద్దాం.

సుర్ఖీ అంటే ఎరుపు

సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు శాసనాలు ఉన్నాయి. ఆ కాలపు శాసనాలలో సాధారణంగా మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. అక్షరాలు వరుసగా సాగిపోతాయి. ఎక్కడ ఆగాలో, ఏది ముఖ్యమో చదివేవాడే తెలుసుకోవాలి. తాళపత్రాల సంగతీ దాదాపు అంతే. గంటంతో గీచి మసి పూస్తే అక్షరాలన్నీ ఒకే రంగులో, ఒకే సన్నంలో ఉంటాయి. శీర్షికను వేరుగా చూపించే వీలు చాలా తక్కువ.

కాగితం, సిరా, కలం వచ్చాక ఈ పరిస్థితి మారింది. నిజాం రాజ్యంలో కచేరీ భాష మొదట ఫారసీ, 19వ శతాబ్ది చివరి భాగం నుండి ఉర్దూ. ఈ వ్రాతలో అలంకారం ఒక శాస్త్రంగా పెరిగింది. ఉర్దూలో పత్రిక శీర్షికను 'సుర్ఖీ' అంటారు. ఆ మాటకు అసలు అర్థం ఎరుపు. పూర్వం శీర్షికలను ఎర్ర సిరాతో వ్రాసేవారు గనుక రంగు పేరే శీర్షికకు పేరైంది. ఇంగ్లీషులోని 'రూబ్రిక్' అనే మాట కూడా ఎరుపు అని అర్థమిచ్చే లాటిన్ మాట నుండి వచ్చిందే. దూరదేశాలలో ఉన్న రెండు జాతుల వ్రాయసగాళ్ళకు ఒకే ఆలోచన తట్టిందన్న మాట.

లావు అక్షరాన్ని ఉర్దూలో 'జలీ' అనీ, సన్నని అక్షరాన్ని 'ఖఫీ' అనీ అంటారు. కవి తన పద్యంలో వాడే కలం పేరును మామూలు మాటగా పొరబడకుండా దానిపై ఒక చిన్న గుర్తు పెడతారు. ఆ గుర్తును పైకి చదవరు. అది కవిత్వంలో భాగం కాదు, "ఇది పేరు సుమా" అని పాఠకునికి ఇచ్చే సూచన మాత్రమే. మార్కప్ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు.

ప్రెస్సులో గుర్తులు

అచ్చు యంత్రం వచ్చిన తర్వాత వ్రాసేవాడు వేరు, అక్షరాలు పేర్చేవాడు వేరు అయ్యారు. రచయిత వ్రాతప్రతి మీద ఎడిటరు మార్జిన్‌లో గుర్తులు పెట్టేవాడు: ఈ పంక్తి పెద్ద టైపులో వేయాలి, ఇది మధ్యకు జరగాలి, ఇక్కడ కొత్త పేరా మొదలు కావాలి అని. కంపోజిటర్ ఆ గుర్తులు చూసి సీసపు అక్షరాలు పేర్చేవాడు. అచ్చయిన కాగితంలో ఆ గుర్తులు కనిపించవు, వాటి ఫలితమే కనిపిస్తుంది. వ్రాతప్రతిని ఇలా గుర్తులతో సిద్ధం చేయడాన్నే ఇంగ్లీషు ముద్రాపకులు 'మార్కింగ్ అప్' అన్నారు. నేటి కంప్యూటరు మాట అక్కడి నుండి వచ్చింది.

మన ప్రాంతంలో ఈ విద్యకు గౌరవప్రదమైన చరిత్ర ఉంది. 1922లో నల్లగొండ నుండి షబ్నవీసు వెంకట రామనరసింహారావు 'నీలగిరి పత్రిక' వెలువరించారు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా గద్వాల ప్రాంతానికి చెందిన సురవరం ప్రతాపరెడ్డి 1926లో హైదరాబాదు నుండి 'గోలకొండ పత్రిక' ప్రారంభించారు. తెలంగాణలో కవులు లేరన్న ఆక్షేపణకు జవాబుగా 1934లో ఆయన వెలువరించిన 'గోలకొండ కవుల సంచిక'లో 354 మంది కవులున్నారు. అంతమంది రచనలను ఒక్క పుస్తకంలో కూర్చినప్పుడు ఏది కవి పేరు, ఏది ఊరు, ఏది పద్యం అన్న తేడా పాఠకునికి చూడగానే తెలియాలి. ఆ తేడా తెలపకపోతే 354 పేర్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అలంకారం కేవలం అందానికి కాదనడానికి ఇదే నిదర్శనం.

ముసాయిదా, టైపిస్టు

కచేరీలో ఈ పని ఎలా సాగేదో మనకు తెలిసిందే. గుమాస్తా ముసాయిదా వ్రాస్తాడు. సూపరింటెండెంటు దిద్దుతాడు. అధికారి ఎర్ర పెన్సిలుతో ఒక మాట కింద గీత గీసి, మార్జిన్‌లో 'పేరా' అనో 'అండర్‌లైన్' అనో వ్రాస్తాడు. టైపిస్టు ఆ మాటలను టైపు చేయడు, వాటి ప్రకారం చేస్తాడు. 'పేరా' అన్న మాట శుద్ధప్రతిలోకి రాదు, పేరా మాత్రమే వస్తుంది. విషయం ఒకటి, దాని రూపం గురించిన ఆజ్ఞ మరొకటి అన్న భేదం ఆనాటి కొత్త టైపిస్టుకు కూడా మొదటి వారంలోనే ఒంటబట్టేది.

టైపు మిషనులో లావు అక్షరం లేదు. బండిని వెనక్కు జరిపి అదే అక్షరం మీద మళ్ళీ కొడితే కొంచెం నల్లబడేది. ఎరుపు, నలుపు రెండు రంగుల రిబ్బను ఉంటే ఒక మీట నొక్కి రంగు మార్చేవారు. స్టెన్సిల్ కాగితం మీద మాత్రం కింద గీత కొట్టడానికి జంకేవారు. గట్టిగా కొడితే ఆ గీత వెంట స్టెన్సిల్ చిరిగిపోయేది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చి, ఉత్తరప్రత్యుత్తరాలలో తెలుగు వాడకం పెరిగిన కొద్దీ తెలుగు టైపు మిషన్లు కచేరీలకు చేరాయి. ఒత్తులు, గుణింతాలు కుదరడమే కష్టమైన ఆ మిషన్ల మీద అలంకారం గురించి ఆలోచించే తీరిక ఉండేది కాదు.

కంప్యూటరు నేర్చుకున్న పాఠం

విదేశాలలో తొలినాటి కంప్యూటర్లలో రూపానికి సంబంధించిన ఆజ్ఞలను విషయంతో కలగాపులగంగా వ్రాసేవారు. ఒక యంత్రానికి వ్రాసినది మరొక యంత్రానికి పనికివచ్చేది కాదు. 1967లో విలియం టన్నిక్లిఫ్ అనే ఆయన విషయాన్ని రూపం నుండి విడదీయాలని కెనడాలో జరిగిన ఒక సమావేశంలో ప్రతిపాదించారు. 1969లో ఐ.బి.ఎం. సంస్థలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ అనే ముగ్గురు ఆ పద్ధతిలో ఒక గుర్తుల భాషను తయారుచేశారు. దాని పేరు జి.ఎం.ఎల్. ఆ మూడక్షరాలు వారి ఇంటిపేర్ల తొలి అక్షరాలే.

వారి ఆలోచన చాలా సరళమైనది. "దీనిని లావుగా వెయ్యి" అని కాకుండా "ఇది శీర్షిక" అని గుర్తు పెట్టాలి. శీర్షిక ఎలా కనిపించాలో మరొకచోట ఒక్కసారి చెబితే చాలు. రేపు శీర్షికలన్నిటినీ నీలిరంగులోకి మార్చాలంటే ఆ ఒక్కచోట మారిస్తే సరిపోతుంది. ఈ భాష ఆధారంగా రూపొందిన భాష 1986లో అంతర్జాతీయ ప్రమాణమైంది. దాని బాటలోనే టిమ్ బెర్నర్స్-లీ ఇంటర్నెట్ పేజీల కోసం హెచ్.టి.ఎం.ఎల్. రూపొందించారు. పేజీల రూపాన్ని విడిగా చెప్పే సి.ఎస్.ఎస్. అనే పద్ధతి 1996లో ప్రమాణంగా వెలువడింది.

తెలుగుకు వచ్చిన చిక్కు

తెలుగులో చిక్కు మరొక రకంగా వచ్చింది. 1990 దశకంలో డి.టి.పి. సెంటర్లు ఊరూరా వెలిశాయి. అప్పటి తెలుగు ఫాంట్లు చాలావరకు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు బొమ్మలు పెట్టి చేసినవి. తెరమీద తెలుగు కనిపించేది గాని, లోపల కంప్యూటరు దాచుకున్నది ఇంగ్లీషు అక్షరాలనే. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెలుగు, అది లేని మిషనులో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు గజిబిజి. అంటే అక్షరమూ అలంకారమూ ఒకటైపోయాయి. అలంకారం తీసివేస్తే అక్షరమే మిగలలేదు. ఆ రోజుల్లో టైపు చేసి ఫ్లాపీలలో భద్రపరచిన సర్క్యులర్లు, జాబితాలు, జ్ఞాపికలు ఎన్నో ఈ కారణంగా నేడు నేరుగా చదవడానికి రావడం లేదు. మార్పిడి ప్రోగ్రాములతో వాటిని తిరిగి తెలుగులోకి తెచ్చుకోవలసి వస్తున్నది.

దీనికి పరిష్కారం యూనికోడ్. 1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాల గడి కేటాయించారు. 'క' అంటే ప్రపంచంలోని ఏ యంత్రంలోనైనా ఒకటే సంకేతం. ఫాంటు మారితే రూపం మారుతుంది గాని 'క' మారదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు చేరింది. 2012లో ఆండ్రాయిడ్ 4.1తో ఆ రకం సెల్‌ఫోన్లకు తెలుగు అధికారికంగా అందింది.

సెల్‌ఫోనులో ఎలా జరుగుతుంది?

ఆండ్రాయిడ్ యాప్ తయారుచేసేవారు తెరమీద కనిపించే వాక్యాలన్నిటినీ ఒక పట్టికలో వ్రాసి ఉంచుతారు. ఇంగ్లీషుకు ఒక పట్టిక, తెలుగుకు ఒక పట్టిక. ఒక మాటను లావుగా చూపించాలంటే రెండు మార్గాలున్నాయి. ఒకటి, లెక్క చెప్పడం: ఎన్నవ స్థానం నుండి ఎన్నవ స్థానం దాకా అని. రెండవది, ఆ మాటకు అటూ ఇటూ వాక్యంలోనే గుర్తు పెట్టడం.

లెక్క చెప్పే పద్ధతి తెలుగులో సులభంగా బెడిసికొడుతుంది. 'నల్లగొండ' మన కంటికి నాలుగక్షరాలు: న, ల్ల, గొం, డ. యంత్రం లోపల మాత్రం ఎనిమిది సంకేతాలు: న, ల, పొల్లు, ల, గ, ఒత్వం, సున్న, డ. మొదటి మూడు సంకేతాలను లావు చేయమంటే లావత్తు రెండు ముక్కలై, 'నల్' ఒక తీరుగా, 'లగొండ' మరొక తీరుగా కనిపించే ప్రమాదం ఉంది. 'పాలమూరు'కూ కంటికి నాలుగే, లోపల ఏడు.

వాక్య నిర్మాణం మరొక చిక్కు. ఉదాహరణకు "సబ్మిట్ యువర్ లైఫ్ సర్టిఫికేట్ బై నవంబర్ 30" అనే ఇంగ్లీషు వాక్యంలో తేదీ చివర ఉంది. తెలుగులో "నవంబరు 30 లోగా మీ లైఫ్ సర్టిఫికేటు సమర్పించండి" అంటాం. తేదీ ముందుకు వచ్చింది. ఇంగ్లీషు లెక్కనే తెలుగుకూ వాడితే గడువు తేదీ మామూలుగా ఉండిపోయి, 'సమర్పించండి' అన్న మాట ఎర్రబడుతుంది. ఏ రోజు లోపల ఇవ్వాలో కంటికి ఆనకపోతే నష్టపోయేది పెన్షనరే.

అందువల్ల 'ఎనొటేషన్' అనే గుర్తును వాడే పద్ధతి మేలైనది. అనువాదకుడు తెలుగు వాక్యంలో తేదీకి అటూ ఇటూ "ఇది ముఖ్యమైన మాట" అని గుర్తు పెడతాడు. మాట ఎటు జరిగితే గుర్తూ అటే జరుగుతుంది. ముఖ్యమైన మాట లావుగా ఉండాలా, ఎర్రగా ఉండాలా అన్నది ప్రోగ్రాము విడిగా నిర్ణయిస్తుంది. కేంద్ర ప్రభుత్వం 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ ప్రారంభించిన నాటి నుండి పెన్షను వ్యవహారాలు ఒక్కొక్కటిగా సెల్‌ఫోనుకు చేరుతున్నాయి గనుక ఇది మనకు చిన్న విషయం కాదు.

మనకు కలిగిన మేలు

అక్షరాన్నీ రూపాన్నీ విడదీయడం వల్ల వయసు మళ్ళినవారికి రెండు మేళ్ళు కలిగాయి. మొదటిది, అక్షరం సైజు మన చేతిలోకి వచ్చింది. ఫోను సెట్టింగులలో ఫాంటు సైజు పెంచితే, సరిగా తయారైన యాప్‌లన్నిటిలో అక్షరాలు పెరుగుతాయి. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14లో ఇది రెండు రెట్ల వరకు పెరుగుతుంది. రెండవది, చూపు ఆననివారికి ఫోను చదివి వినిపిస్తుంది. "ఇది శీర్షిక" అని గుర్తు ఉంటే ఒక శీర్షిక నుండి మరొక శీర్షికకు దాటిపోవచ్చు. ఊరికే లావు చేసి వదిలివేస్తే అది శీర్షిక అని ఆ యంత్రానికి తెలియదు.

మన సంఘాలు కూడా ఒక పని చేయవచ్చు. సర్క్యులర్‌ను ఫోటో తీసి వాట్సాప్‌లో పంపడం అలవాటైంది. ఫోటోలో అక్షరాలు లేవు, అక్షరాల బొమ్మ మాత్రమే ఉంది. ఫాంటు సైజు పెంచినా ఆ బొమ్మ మారదు. వేళ్ళతో లాగి పెద్దది చేస్తే పంక్తి తెర బయటకు పోతుంది. దానిని వెతకడం కూడా కష్టమే. అదే విషయాన్ని యూనికోడ్ తెలుగులో టైపు చేసి పంపితే ప్రతి సభ్యుడూ తన కంటికి తగినట్లు చదువుకుంటాడు, పదేళ్ళ తర్వాత వెతికినా దొరుకుతుంది.

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర కొన్ని తెలుగు ఫాంట్లను తయారుచేయించి, ఎవరైనా ఉచితంగా వాడుకొనేట్లు విడుదల చేసింది. వాటిలో ఒకదాని పేరు 'సురవరం'. పత్రికల శీర్షికలకు అనువైన ఆ అక్షరాలకు గోలకొండ పత్రిక సంపాదకుని పేరు పెట్టారు. మన మనుమలు, మనుమరాండ్రలో ఎందరో ఈనాడు ఈ యాప్‌ల పనిలోనే ఉన్నారు. తెలుగు వాక్యంలో గుర్తు ఎక్కడ పెట్టాలో తెలుగు చదవగలిగినవారే చెప్పగలరు. అందుకని వారికి తెలుగు చదవడం, వ్రాయడం మన ఇళ్ళలోనే నేర్పుదాం.