వృద్ధుల నడుం నొప్పిలో ప్రమాద సంకేతాలు: ఒంటరి లక్షణం ఏ మేరకు నమ్మదగింది?

నడుం నొప్పికి ప్రాణాపాయం తెచ్చే కారణం ఉండడం అరుదు. 2009లో ప్రచురితమైన ఆస్ట్రేలియా అధ్యయనం 1172 మందిని పరిశీలిస్తే తీవ్రమైన కారణం తేలింది 11 మందిలోనే. వారిలో 8 మందికి వెన్నుపూస విరిగింది. కానీ ఆ 1172 మందిలో సుమారు 80 శాతం మందికి కనీసం ఒక ప్రమాద సంకేతం ఉంది. ఒక్క లక్షణాన్ని పట్టుకుని స్కానింగ్ రాయడం వ్యర్థమని దీన్నిబట్టి తెలుస్తోంది.

పెద్దవారి విషయంలో చిక్కు మరోలా ఉంటుంది. నడుం నొప్పితో వచ్చిన 55 దాటినవారిపై జరిగిన డచ్ అధ్యయనంలో వెన్నుపూస విరిగినవారు సుమారు 5 శాతం. ముప్పు పెరిగిన ఈ వయసులోనే ప్రతి సంకేతానికీ ఒక సిద్ధ సమాధానం దొరుకుతుంది. బరువు తగ్గితే పళ్లూడిపోయాయంటారు, మూత్రం ఆగితే ప్రోస్టేట్ అంటారు, కాళ్లు తిమ్మిరెక్కితే షుగరంటారు. విడివిడిగా చూస్తే ప్రతిదీ సబబుగానే తోస్తుంది. అన్నిటినీ ఒకచోట చేర్చి చూడకపోవడమే అసలు ప్రమాదమని ఈ వ్యాసం వాదన.

వెన్నుపూస కుంగిపోవడానికి కింద పడనక్కర్లేదు. ఎముక గుల్లబారిన స్త్రీకి నీళ్ల బకెట్ ఎత్తినా, గట్టిగా దగ్గినా చాలు. ఇలాంటి విరుగుళ్లలో సుమారు మూడో వంతే వైద్యుల దృష్టికి వస్తాయి. 75 దాటిన వయసు, నడి వీపులో హఠాత్తుగా మొదలైన నొప్పి, తగ్గిన ఎత్తు, కొత్తగా వచ్చిన గూని కలిసి కనిపిస్తే ఎక్స్‌రే తీయాల్సిందే. ఆయాసానికో కీళ్ల నొప్పులకో ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు వాడారేమో అడగాలి. పేరు తెలియని మాత్రలు మింగేవారు మన ఊళ్లలో తక్కువేమీ కాదు. అందుకే మాత్రల పొట్లం తెమ్మనడం కూడా పరీక్షలో భాగమే.

క్యాన్సర్ విషయంలో అత్యంత బలమైన ఆధారం పాత చరిత్రే. రొమ్ము, ప్రోస్టేట్, ఊపిరితిత్తుల క్యాన్సర్లు నయమయ్యాయనుకున్న ఏళ్ల తర్వాత కూడా వెన్నులోకి పాకవచ్చు. 1988లో పరిశోధకులు డేయో, డీల్ నడుం నొప్పి ఉన్న 1975 మందిని పరిశీలించినప్పుడు 13 మందికే క్యాన్సర్ తేలింది. కాబట్టి భయపెట్టనక్కర్లేదు, అడగడం మాత్రం మానకూడదు. నడుం నొప్పికి రక్తహీనత, మూత్రపిండాల బలహీనత తోడైతే మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్‌ను అనుమానించాలి. ఎముక ఖనిజం చాలావరకు కరిగితేగాని ఎక్స్‌రేలో మార్పు కనబడదు. ఎక్స్‌రే బాగుందన్న మాటతో విచారణ ముగించడం తగదు.

మన దేశంలో వెన్ను క్షయను మరవకూడదు. జ్వరం లేకుండానే నెలల తరబడి నొప్పి సాగవచ్చు. ఆకలి మందగించడం, రాత్రి చెమటలు, రక్తపరీక్షలో పెరిగిన ఈఎస్‌ఆర్ దారి చూపుతాయి. పొగతాగే వృద్ధుడికి హఠాత్తుగా వీపులో నొప్పి, కళ్లు తిరగడం వస్తే కడుపులోని బృహద్ధమని ఉబ్బి చిట్లుతోందేమో చూడాలి.

గంటల్లోనే స్పందించాల్సిన సంకేతం మరొకటుంది. మర్మావయవాల చుట్టూ కొత్తగా స్పర్శ తగ్గడం, మూత్రం బిగుసుకోవడం, మలం తెలియకుండా జారడం, రెండు కాళ్లూ బలహీనపడడం అంటే వెన్ను చివరి నాడుల కట్ట నొక్కుకుపోతోందని అనుమానించాలి. ప్రోస్టేట్ సమస్య ఉన్న పెద్దాయననైనా నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏమిటని అడగాలి. తేడా ఉందంటే ఎమ్మారై ఆ రోజే జరగాలి.