ప్రాచీన గ్రీకు నీతిశాస్త్రంలో సమాలోచన, ఎంపిక

మనిషి ఒక పనికి పూనుకునే ముందు మనసులో ఏం జరుగుతుంది? చేసిన పనికి అతణ్ణి ఎంతవరకు బాధ్యుణ్ణి చేయవచ్చు? క్రీ.పూ. 5వ శతాబ్దం నుంచి క్రీ.శ. 3వ శతాబ్దం ఆరంభం దాకా గ్రీకు తాత్వికులు ఈ రెండు ప్రశ్నలనూ కలిపే చర్చించారు. ఆ చర్చకు ఆయువుపట్టు అరిస్టాటిల్ (క్రీ.పూ. 384–322) గ్రంథం ‘నికోమాకియన్ ఎథిక్స్’, ముఖ్యంగా దాని మూడో భాగం.

సభలో పుట్టిన ప్రశ్న

సమాలోచన గ్రీకులకు మొదట పదిమందిలో జరిగే పని. క్రీ.పూ. 428లో లెస్బోస్ ద్వీపంలోని మిటిలీన్ నగరం ఏథెన్సుపై తిరగబడి, మరుసటి ఏడాది లొంగిపోయింది. అక్కడి మగవాళ్లందరినీ చంపాలనీ, ఆడవాళ్లనూ పిల్లలనూ బానిసలను చేయాలనీ ఏథెన్సు సభ ఆగ్రహంలో తీర్మానించి ఓడను పంపింది. మర్నాటికి జనం మనసు మారి, సభ మళ్లీ కూడింది. తొందరపాటు, కోపం మంచి ఆలోచనకు శత్రువులని డయోడోటస్ అనే వక్త వాదించాడు. స్వల్ప తేడాతో అతని మాటే నెగ్గింది. రెండో ఓడ బయలుదేరింది. నావికులు వైన్, నూనె కలిపిన బార్లీ పిండి తింటూనే తెడ్లు వేశారు, వంతులవారీగా నిద్రపోయారు. మొదటి ఆజ్ఞను సేనాని చదివి, అమలుకు సిద్ధమవుతుండగా ఓడ చేరింది. నగరం బతికింది గాని, తిరుగుబాటుకు కారకులుగా ఎంచిన వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. థుసిడిడిస్ చరిత్రలోని ఈ ఘట్టం చదివితే, సరిగ్గా ఆలోచించడం గ్రీకులకు ఎందుకు ప్రాణాధారమైన విషయమో తెలుస్తుంది.

సోక్రటీస్, ప్లేటో

క్రీ.పూ. 431లో ప్రదర్శించిన యూరిపిడిస్ నాటకంలో మెడియా కన్నబిడ్డలను చంపబోతూ, తాను చేసేది ఘోరమని తెలిసినా ఆగ్రహమే గెలిచిందని ఒప్పుకుంటుంది. ప్లేటో ‘ప్రొటాగొరస్’లో సోక్రటీస్ ఇలాంటిది అసలు జరగదంటాడు. తెలిసి ఎవరూ తప్పు చేయరు. దగ్గరి సుఖం పెద్దదిగా, దూరపు కష్టం చిన్నదిగా కనబడి మోసపోతారు, అంతే. ప్లేటోయే ‘రిపబ్లిక్’లో ఈ వాదాన్ని సడలించాడు. అందులో లియోంటియస్ అనే వ్యక్తి శిక్షపడినవాళ్ల శవాలను చూడకూడదనుకుంటాడు, కాసేపు ముఖం కప్పుకుంటాడు, చివరికి తన కళ్లనే తిట్టుకుంటూ పరుగెత్తుకెళ్లి చూస్తాడు. మనసులో ఒకటికి మించిన శక్తులు పనిచేస్తాయని ప్లేటో దీన్నిబట్టి తేల్చాడు.

అరిస్టాటిల్

తుపానులో చిక్కిన నావికుడు సరుకును సముద్రంలో పారేస్తాడు. ఇష్టపడి చేశాడా, బలవంతాన చేశాడా? మామూలుగా ఎవరూ అలా చేయరు. కానీ ఆ క్షణంలో చేతులు కదిలించింది అతనే. కాబట్టి ఆ పని అతనిదేనంటాడు అరిస్టాటిల్. మన చేతిలో ఉన్నవాటి గురించే ఆలోచిస్తాం. చతురస్రం కర్ణం గురించి ఎవరూ తర్జనభర్జన పడరు, సిథియన్ల పరిపాలన గురించి స్పార్టావాసి పడడు. రోగం నయం చేయాలా వద్దా అని వైద్యుడు ఆలోచించడు. ఎలా చేయాలన్నదే అతని ఆలోచన. గమ్యం నుంచి ఒక్కొక్క మెట్టే వెనక్కి దిగుతూ ఇప్పుడే చేయగలిగిన పని దాకా వస్తాడు. ఆలోచనలో చివర దొరికిందే ఆచరణలో మొదటిది. అక్కడ ఆలోచన ఆగి ఎంపిక పుడుతుంది. ఎంపిక అంటే ఆలోచనతో పరిపక్వమైన కోరిక. మనిషి స్వభావాన్ని అతని చేతలకన్నా అది బాగా పట్టిస్తుందని అరిస్టాటిల్ నమ్మకం.

అయితే గమ్యాల గురించి మనం అసలు ఆలోచించం అనడం సరైనదేనా? సుఖంగా బతకడమంటే ఏమిటో తేల్చుకోవడం కూడా ఆ ఆలోచనలో భాగమేనని 20వ శతాబ్దంలో డేవిడ్ విగిన్స్ వంటివారు వ్యాఖ్యానించారు. ఆరో భాగంలో వివేకానికి అరిస్టాటిల్ ఇచ్చిన స్థానాన్ని చూస్తే ఈ వ్యాఖ్యే బలంగా కనిపిస్తుంది. మెడియా సమస్యను ఆయన ఏడో భాగంలో తిరిగి ఎత్తుకున్నాడు. నిగ్రహం తప్పినవాడికి తెలివి ఉంటుంది, కాని నిద్రలోనో మత్తులోనో ఉన్నవాడికి ఉన్నట్టే ఉంటుంది.

స్టోయిక్కులు, ఆ తరువాత

స్టోయిక్కులు దృష్టిని ఆలోచన నుంచి సమ్మతికి మళ్లించారు. స్తూపాన్ని ఎవరో తోస్తారు, దొర్లడం మాత్రం దాని ఆకారాన్ని బట్టే అని క్రిసిప్పస్ వివరించాడు. లోకం మనసును తాకుతుంది, ఒప్పుకునేది మనమే. బానిసగా బతికి, తర్వాత నికోపోలిస్‌లో పాఠశాల నడిపిన ఎపిక్టెటస్ ఎంపికను ఎవరూ సంకెళ్లు వేయలేని చోటుగా నిలబెట్టాడు. అరిస్టాటిల్‌కు వ్యాఖ్యాతగా ప్రసిద్ధుడైన అఫ్రొడిసియాస్‌కు చెందిన అలెగ్జాండర్ క్రీ.శ. 200 ప్రాంతంలో ‘విధి గురించి’ అనే గ్రంథంలో స్టోయిక్కులను ఎదుర్కొన్నాడు. అంతా ముందే నిర్ణయమై ఉంటే మనుషులు కూర్చుని ఆలోచించడం వృథా ప్రయాస అవుతుందనీ, ప్రకృతి ఏదీ వృథాగా ఇవ్వదనీ ఆయన వాదన.