గింజ మోసినవాళ్లు, గింజ దాచినవాళ్లు

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా బడి కుళాయి దగ్గర తొట్టి చూస్తే మనసు చివుక్కుమంటుంది. రాగిజావ సగం సగం పారబోసి ఉంటుంది. 2023 మార్చిలో ప్రభుత్వ బడుల్లో జావ మొదలైనప్పుడు మా తాండా పిల్లలు ఇష్టంగా తాగుతారనుకున్నాను. "ముసలోళ్ల తిండి సార్" అన్నాడొకడు. ఆ గింజతో వాళ్ల ముత్తాతలు ఎలా బతికారో వాడికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వాన తక్కువ సీమ. ఇక్కడ ఒక మంచి ఏడు పండింది రెండు చెడ్డ ఏళ్లకు రావాలి. అందుకే పాతర. గట్టి నేలలో గొయ్యి తవ్వి, చుట్టూ గడ్డి పరిచి, ఎండిన రాగులు పోసి, పైన మన్నుతో మూసేవారు. రాగి గింజ చిన్నది, గట్టిది, పురుగు అంత తేలిగ్గా పట్టదు. గాలి ఆడకపోతే ఏళ్ల తరబడి చెడదు. పాతర తెరిచిన వెంటనే లోపలికి దిగేవారు కాదు. దీపం దించి చూసేవారు. ఆరిపోతే లోపల ఊపిరాడదని అర్థం. ఇదీ సైన్సు పాఠమే కదా, మనం చెప్పడం లేదంతే.

ఇంటి లోపల దాచడానికి గాదెలు, గంపలు, బుట్టలు. వాటిని అల్లింది ఎరుకలవాళ్లు. వెదురు, ఈత బరిగెలతో అల్లితే, ఇంటి ఆడవాళ్లు పేడ, మన్ను కలిపి మెత్తేవారు. ఎరుకలవాళ్లు గాడిదల మీద ఉప్పు తెచ్చి గింజలకు మార్చేవారు కూడా.

ఇక మా సుగాలీలు. పెరిక ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని ఊరూరూ తిరిగేవాళ్లం. మా మాటల్లో దాన్ని లదేణి అంటారు. పండిన చోటు నుంచి పండని చోటుకు గింజ చేరేది. 1791లో టిప్పు మీదికి వెళ్లిన కారన్‌వాలీసు సైన్యం తిండి లేక శ్రీరంగపట్నం నుంచి వెనుదిరిగింది. మరుసటి దండయాత్రకు గింజలు చేర్చినవాళ్లలో మా బంజారాలే ముఖ్యులు. దొరల పుస్తకాల్లో 'బ్రింజారీలు' అని రాసి ఉంటుంది. గొప్ప చెప్పుకోవడానికి కాదు, ఎవరికి మోశామన్నది వేరే చర్చ.

1876లో, ధాత నామ సంవత్సరంలో, వానలు తప్పాయి. రెండేళ్ల కరువు. దక్షిణాదిలో చనిపోయినవాళ్లు 50 లక్షలకు పైనేనని అంచనా. గింజ అసలు లేక కాదు. మద్రాసు రేవులో బస్తాలు గుట్టలుగా ఉన్నాయి, దేశం నుంచి ఎగుమతి కూడా ఆగలేదు. ధర మాత్రం కూలివాడికి అందలేదు. సహాయపు పనుల్లో రోజంతా మన్ను మోసిన మగమనిషికి టెంపుల్ దొర నిర్ణయించింది ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పైన కొద్దిపాటి చిల్లర. మేత లేక పశువులు చచ్చాయి. ఎద్దు పోతే లదేణి ఎక్కడిది? తర్వాత 1890లలో మన ఊళ్ల మీదుగా రైలు వచ్చింది, మిగిలిన బేరమూ పోయింది.

బేరం పోయి దారుల్లో తిరుగుతున్న మనుషులను సర్కారు అనుమానంగా చూసింది. 1911లో నేరస్థ తెగల చట్టాన్ని మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఎరుకలవాళ్లూ సుగాలీలూ ఆ జాబితాలకెక్కారు. ఊరికి గింజ చేర్చినవాడు, గింజ దాచే గాదె అల్లినవాడు పుట్టుకతోనే దొంగలయ్యారు! ఆ చట్టం మద్రాసులో 1947లో, దేశమంతటా 1952లో పోయింది. మాట మాత్రం ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది.

పాతర్లు పోయింది ఆ తర్వాతే. చేన్లలో వేరుశనగ కమ్మేసింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. తెచ్చిన రామారావుగారు 1985 నుంచి మన హిందూపురం ఎమ్మెల్యే కూడా. ఆ బియ్యం మా అమ్మ పొయ్యి మండించింది, దాన్ని తప్పుపట్టను. కానీ రాగి, కొర్ర, సజ్జ పేదరికపు గుర్తులైపోయాయి. పండించడం తగ్గింది, దాచడం మరిచాం, ఇప్పుడు పారబోయడం నేర్చుకున్నాం. 2022 ఒక్క ఏడాదిలో ప్రపంచం పారేసిన తిండి 105 కోట్ల టన్నులని ఐక్యరాజ్యసమితి లెక్క. మన కుళాయి తొట్టి కూడా అందులో ఉంది.

చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్‌తో పనిచేసే రైతులు మళ్లీ కొర్ర, సామ వేస్తున్నారు. టీచర్లు పిల్లలను ఒకసారి ఆ చేలకు తీసుకెళ్లండి.

పోయిన నెల మా తరగతికి ఒక పని ఇచ్చాను: మీ అవ్వను అడిగి, ఊళ్లో పాతర ఎక్కడుండేదో తెలుసుకుని రండి. ఐదో తరగతి పిల్ల ఒకతి మర్నాడు వచ్చి, "మా వాకిట్లోనే సార్, ఇప్పుడు చెత్త వేస్తామే ఆ గుంతే" అంది.