కదిలే ఒడ్డు మీద ఉప్పాడ

ఉప్పాడ అనగానే జామ్దానీ చీర గుర్తొస్తుంది. ఆ ఊరి ఆర్థిక చరిత్రను మాత్రం ఇసుక దగ్గర మొదలుపెట్టాలి. గోదావరి తెచ్చిపోసే ఇసుక తీరం వెంట ఉత్తరానికి సాగి, సుమారు రెండు శతాబ్దాల్లో హోప్ ఐలాండ్‌గా పేరుకుంది. కాకినాడ రేవును తుపాను అలల నుంచి కాచేది ఆ దిబ్బే. దానికి ఉత్తరాన ఉన్న ఉప్పాడకు ఆ కాపు లేదు. ఇసుక దక్షిణానే నిలిచిపోతుంది, అలల తాకిడంతా ఇక్కడ పడుతుంది. నది ఎగువన ఆనకట్టలు పెరిగాక వచ్చే మట్టి కూడా తగ్గింది.

కాకినాడ పట్నం పెరిగిందీ ఈ దిక్కుకే. 1980ల నుంచి వాకలపూడి వైపు ఎరువుల కర్మాగారాలు, ఆపైన వంటనూనె శుద్ధి మిల్లులు వచ్చాయి. 1990లలో డీప్ వాటర్ పోర్టు వెలిసింది. తర్వాతి దశాబ్దంలో కొత్తపల్లి, తొండంగి మండలాల్లో ప్రత్యేక ఆర్థిక మండలి కోసం వేల ఎకరాల సేకరణ మొదలైంది. రైతులు ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2021లో రెండు వేల పైచిలుకు ఎకరాలు తిరిగి ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించింది. భూమి చేతులు మారినంత వేగంగా ఉద్యోగాలు రాలేదన్నది ఆ పల్లెల అనుభవం.

ఇదే కాలంలో ఉప్పాడలో మరో ఎదుగుదల కనిపించింది. పాత నూలు నేతకు 1988 ప్రాంతంలో డిజైనర్ ఘనశ్యామ్ సరోడే చొరవతో పట్టు జామ్దానీ తోడైంది. గుంటమగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. పడుగు పోగులు లెక్కపెట్టుకుంటూ, బుటా వచ్చే చోటల్లా చిన్న కండెతో అదనపు పేక పోగును చేత్తోనే చొప్పిస్తారు. వెనకవైపు వదులు పోగు కనపడదు. పనితనం ఎక్కువైతే ఒక్క చీరకు నెలలు పడుతుంది. 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. భారీ పెట్టుబడి, భూసేకరణ లేకుండా చుట్టుపక్కల ఊళ్ళకు పని పాకించిన ఈ వృత్తికి ప్రణాళికల్లో దక్కిన చోటు చిన్నది. అది అన్యాయమనే నా అభిప్రాయం.

జాలర్ల కథ వేరు. కడలి కోతకు ఇళ్ళు, గుళ్ళు, రోడ్డు ముక్కలు సముద్రంలో కలిశాయి. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన జియోట్యూబ్‌తో గోడ కట్టారు. అది చిరిగి కుంగింది. తుపాను వచ్చినప్పుడల్లా బీచ్‌రోడ్డు కోసుకుపోతుంది, మళ్ళీ రాళ్ళు పోస్తారు. ఇల్లు పోయినవాళ్ళు ఇంకాస్త లోపలికి జరుగుతారు. అక్కడ స్థలం ధరను పట్నం అప్పటికే పెంచేసి ఉంటుంది.

2020 నవంబరులో ఉప్పాడ ఫిషింగ్ హార్బర్‌కు శంకుస్థాపన జరిగింది. బోట్లు నిలుపుకునే చోటు లేక ఇబ్బంది పడినవాళ్ళకు అది నిజంగా అవసరం. అయితే సముద్రంలోకి కట్టే ప్రతి అడ్డుగోడా ఇసుక నడకను మారుస్తుంది. ఉత్తరాన కోనపాపపేట ఒడ్డు ఇప్పటికే కోతలో ఉంది. అందుకే హార్బర్ ఖర్చు లెక్కల్లో ఆ ఊరి ఒడ్డుకు ఏటా ఇసుక చేర్చే పని కూడా ఉండాలి. జిల్లా ప్రణాళిక, పోర్టు ప్రణాళిక, తీర రక్షణ ప్రణాళిక ఒకే పటం మీదికి రావాలి.